తీరం ఇంటిస్థలం కాదు

పుణెలో మొదలయ్యే 65వ నంబరు జాతీయ రహదారి జహీరాబాద్ మీదుగా వచ్చి, హైదరాబాద్, విజయవాడ దాటి మచిలీపట్నంలో ముగుస్తుంది. మా ఊరికీ సముద్రానికీ నిన్నమొన్నటిదాకా ఉన్న చుట్టరికం అంతే. చెరకు, అల్లం, ఆలుగడ్డ, జొన్న పండే నేల మాది. నీళ్ళంటే మంజీర, సింగూరు. అలాంటి చోట ఇప్పుడు పెళ్ళి భోజనాల దగ్గర, చాయ్ హోటళ్ళలో వినిపించే మాట ఒకటుంది: "కొంటే విశాఖలనే కొనాలె. సముద్రం కనబడే ప్లాటు. భీమిలి రోడ్డు. పదేండ్లకు చూస్కో ఇగ!" పొలానికి పరిహారం వచ్చినవాళ్ళు, పింఛను సొమ్ము అందుకున్న ఉద్యోగులు, పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ తల్లిదండ్రులు అందరూ ఇదే అంటున్నారు. సముద్రం ఎన్నడూ చూడనివాళ్ళు కూడా దాని గజం ధర చెప్పగలుగుతున్నారు.

ఈ మాటను దాని పూర్తి బలంతోనే ముందు పెడతాను. నగరం నడుమ పొగ, రద్దీ, ఇరుకు. నగరానికి మరీ దూరం పోతే ఆసుపత్రి, బడి, కొలువు అందవు. శివారు తీరంలో రెండూ దొరుకుతాయి: పట్నం కూతవేటు దూరం, కిటికీ తెరిస్తే సముద్రం. పైగా అక్కడ బోలెడు నేల ఖాళీగా పడి ఉంది. ఇళ్ళు వస్తే రోడ్లు వస్తాయి, దీపాలు వస్తాయి, జాలరిపల్లెల్లో పిల్లలకు పనులు వస్తాయి. అలలు ముందుకొస్తే రాళ్ళు పోసి గోడ కడతారు, ఇంజనీర్లున్నది అందుకే కదా. భూమి ఎక్కడైనా పెరిగేది కాదు కాబట్టి ధర తగ్గేది కాదు. కొన్నవాడికి లాభం, ఉన్నవాడికి లాభం, ఊరికి లాభం. ఇదీ వాదన. బ్రోకర్లు మాత్రమే ఈ మాట చెబితే ఇంత రాయాల్సిన పని లేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ప్రభుత్వాలు ఇదే చెబుతున్నాయి, బాగా చదువుకున్న మధ్యతరగతి అనుమానం లేకుండా నమ్ముతోంది.

రుషికొండ నుంచి భీమునిపట్నం దాకా ఉన్న తీరం విషయంలో ఈ వాదనలో ఒక్క మెట్టు కూడా నిలబడదని నేనంటాను. తీరాన్ని గజాల్లో కొలవడమే మొదటి తప్పు. మిగతా తప్పులన్నీ దాని మీద లేచిన అంతస్తులు.

"మెట్ట నేల మీద కూర్చున్నవాడివి, సముద్రం సంగతి నీకెందుకు?" అని అడిగేవాళ్ళుంటారు. రెండు కారణాలు. ఒకటి, ఆ తీరాన్ని కొంటున్న డబ్బులో కొంత మా వైపు నుంచే పోతోంది. కొనేవాడికి లేని దూరం అడిగేవాడికి ఎందుకు? రెండోది ఇంకా ముఖ్యం. తీరం మీద ఇప్పుడు జరుగుతున్న లెక్కే మా భూముల మీద ముందే జరిగింది. జాతీయ పెట్టుబడుల, తయారీ జోన్ పేరుతో న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 గ్రామాల్లో 12,635 ఎకరాలు సేకరించాలని తలపెట్టినప్పుడు కాగితం మీద కనిపించింది వర్షాధారపు మెట్ట మాత్రమే. నీటివసతి లేదు, రాబడి తక్కువ, కాబట్టి ఫ్యాక్టరీకి అనువు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక స్మార్ట్ నగరాల్లో జహీరాబాద్ కూడా ఉంది. మొదటి విడత 3,245 ఎకరాలు. ఆ మెట్టలో ఏం పండుతుందో ప్రపంచానికి చూపించింది పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు. పడావు పడ్డ నేలలను సాగులోకి తెచ్చి, ఒకే చేనులో జొన్న, కొర్ర, సామ, కంది, పెసర, అనుము కలిపి పండించారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్ళకే వచ్చింది. బహుమతి వచ్చినా రెవెన్యూ రికార్డులో ఆ నేల విలువ మారలేదు. ఎందుకంటే ఆ రికార్డుకు మొలిచిన ఇల్లు కనిపిస్తుంది, పారే కాలువ కనిపిస్తుంది; మనుషులు చేసే పని కనిపించదు. విశాఖ తీరాన్ని ఖాళీ అంటున్న కళ్ళు కూడా అవే.

ఆ ఖాళీ సంగతే ముందు తేల్చుకుందాం. పెద్ద జాలరిపేట, జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట, చేపలుప్పాడ, భీమిలి. నగరం నుంచి ఉత్తరంగా పోతుంటే వరసగా తగిలే మత్స్యకార పల్లెలివి. మధ్యాహ్నం పూట కారులో వెళ్ళేవాడికి వాటి ముందున్న ఇసుక ఖాళీగానే కనిపిస్తుంది. తెల్లవారుజామున వెళితే కనిపించదు. పడవను అలల మీంచి ఇసుకలోకి లాగడానికి చోటు కావాలి. చేపను అక్కడికక్కడే పాట పాడడానికి, వల విప్పి చిక్కు తీయడానికి, చిరిగినచోట అల్లడానికి, మిగిలిన చేపను ఎండబెట్టడానికి చోటు కావాలి. ఒడ్డు నుంచే లాగే పెద్దవలకైతే రాయీరప్పా అడ్డులేని పొడవాటి ఇసుక కావాలి. రెండు చివర్లూ పట్టుకుని రెండు గుంపులు గంటల తరబడి లాగాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ ఈ పల్లెల మోటారు పడవలు ఉండాల్సింది ఒడ్డు మీదే. పొలానికి గట్టు ఉంటుంది, పాసుపుస్తకం ఉంటుంది. వల ఆరేసే చోటుకు పట్టా ఉండదు. పట్టా లేనంతమాత్రాన అక్కడ పని లేదనుకోవడం కొనేవాడికి సౌకర్యం.

రెండో మాట, భూమి స్థిరాస్తి అన్నది. మా జహీరాబాద్‌లో ఈ మాటకు అర్థం ఉంది. హద్దురాయి పాతితే పాతినచోటే ఉంటుంది. విశాఖ తీరంలో హద్దు నడుస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా కొట్టి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాలు వచ్చాక కొంత ఇసుక దక్షిణానికి మళ్ళుతుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అంటే మన కాళ్ళకింది బీచ్ ఒక ప్రవాహం. పైనుంచి వచ్చినంతకాలమే ఉంటుంది. 1970లలో ఔటర్ హార్బర్ కోసం డాల్ఫిన్స్ నోస్ దగ్గర సముద్రంలోకి రాతి అడ్డుకట్టలు వేశారు. ఉత్తరానికి పోవాల్సిన ఇసుక అక్కడ ఆగిపోయింది, రామకృష్ణా బీచ్ కోతకు గురైంది. ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి బీచ్‌కు పోసే పని దశాబ్దాలుగా సాగుతోంది. నగరం నడిబొడ్డున, ఓడరేవు పక్కన, ప్రభుత్వ ఖర్చుతో జరిగే ఈ పోత శివారులో ఎవరు పోస్తారు, ఎన్నాళ్ళు పోస్తారు? దేశంలోని తీరరేఖలో దాదాపు మూడోవంతు కోతకు గురవుతోందని జాతీయ తీర పరిశోధన కేంద్రం ఉపగ్రహ చిత్రాలు చూసి తేల్చింది. దానికి తోడు సముద్రమట్టం ఏటా మూడు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది. ఆ పెరుగుదల ఒంటరిగా ఎవరినీ ముంచదు. కానీ తుపాను ఉప్పెన వచ్చిన రోజున నీరు లేచేది ఆ పెరిగిన మట్టం నుంచే. పారే వాగులో కర్ర పాతి ఇది నా గట్టు అన్నట్టుంటుంది తీరంలో హద్దురాయి వేయడం.

"గోడ కడితే సరి" అన్న జవాబుకు ఉప్పాడే సమాధానం. కాకినాడ దగ్గరి ఈ ఊరు ఏళ్ళ తరబడి ఇళ్ళనూ గుళ్ళనూ వీధులనూ సముద్రానికి ఇచ్చుకుంటూ వచ్చింది. అక్కడ ఇసుక నింపిన జియోట్యూబుల గోడ వేశారు, రాళ్ళు పోశారు. జియోట్యూబులు చినిగిపోయాయి, రాళ్ళు జారాయి. కాకినాడ–ఉప్పాడ బీచ్‌రోడ్డు పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా తెగుతూనే ఉంది. గోడ అల బలాన్ని తగ్గించదు. గోడకు తగిలి వెనక్కి మళ్ళిన అల ఆ గోడ కాళ్ళ దగ్గరి ఇసుకనే తవ్వుకుపోతుంది. గోడ చివర దాటాక ఉన్న రక్షణ లేని ఒడ్డును మరింత కొరుకుతుంది. అంటే ఒక వెంచరు ముందు రాళ్ళు పోస్తే, ఆ పక్క పల్లె దాని ధర కడుతుంది. ఇంకో సంగతి ఇంజనీరింగ్ లెక్కల్లోకి రానే రాదు: రాళ్ళున్నచోట పడవ ఒడ్డెక్కదు, పెద్దవల లాగడం కుదరదు. ఇంటివాడిని కాపాడే గోడే జాలరివాడి వృత్తికి అడ్డం. సముద్రం ముంచకపోయినా రక్షణే ముంచుతుంది.

ఇక ధర. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది, విశాఖ భూముల మీదికి జనం పరిగెత్తారు. 2025 అక్టోబరులో గూగుల్ 15 బిలియన్ డాలర్ల డేటా కేంద్రం ప్రకటన వచ్చింది, మళ్ళీ అదే పరుగు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఇంకో పరుగు. పెట్టుబడి సంగతి నేను కాదనను. డేటా కేంద్రంలో ఉద్యోగి ఎక్కడో అక్కడ ఉండాలి. అతను ఇసుక మీదే ఉండాలని ఏ ప్రకటనలోనూ లేదు. ధర పెరగడాన్ని మాత్రం ప్రమాదం లేదనడానికి రుజువుగా చూపిస్తున్నారు. ధర చెప్పేది కొనేవాళ్ళ కోరిక. నేల గురించి అది ఏమీ చెప్పదు.

చట్టం ఏం చెబుతుందో చూడండి. తీర నియంత్రణ జోన్ నోటిఫికేషను మొదట 1991లో వచ్చింది, 2011లో మారింది, 2019లో మళ్ళీ మారింది. అప్పటికే కట్టడాలున్న పట్టణ తీరంలో కొత్త ఇల్లు ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న పాత కట్టడానికో నేలవైపునే రావాలన్నది మూడింటిలోనూ ఉన్న సూత్రం. పల్లె తీరాల్లో గరిష్ఠ పోటు రేఖ నుంచి 200 మీటర్ల దాకా కట్టడాలు కూడదన్న నియమాన్ని, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన చోట్ల 50 మీటర్లకు కుదించింది 2019 నోటిఫికేషను. ఈ సడలింపునే బ్రోకర్లు భరోసాగా అమ్ముతున్నారు. కాగితం మీద గీత 150 మీటర్లు ముందుకు జరిగింది. అల ఆ నోటిఫికేషను చదవలేదు. పైగా కాగితం కూడా కొన్నవాడిని కాపాడుతుందన్న నమ్మకం లేదు. కొచ్చి దగ్గర మరడులో పంచాయతీ అనుమతులతో లేచిన నాలుగు అపార్టుమెంటు సముదాయాలు తీర నియమాలకు విరుద్ధమని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో వాటిని పేలుడు పదార్థాలతో కూల్చేశారు. అందులో 300కు పైగా ఫ్లాట్లు కొన్నవాళ్ళ దగ్గర రిజిస్ట్రేషను కాగితాలున్నాయి, బ్యాంకు రుణాలున్నాయి, ఇంటిపన్ను రసీదులున్నాయి. కేరళ దాకా పోనక్కర్లేదంటారా, భీమిలి బీచ్‌లో ఇసుక మీద లేచిన కాంక్రీటు గోడను 2024లో హైకోర్టు జోక్యంతో కూల్చాల్సి వచ్చింది. సముద్రం తినకపోతే కోర్టు తినే ఆస్తిని స్థిరాస్తి అని ఏ ధైర్యంతో అంటున్నారు?

అనుమతులు ఇచ్చే ప్రభుత్వమే నియమాలు పాటిస్తుందా అంటే, రుషికొండ ఉంది. 2021లో కొండ మీది పర్యాటక శాఖ రిసార్టును తీసేసి కొత్త భవనాలు మొదలుపెట్టాక వివాదం హైకోర్టుకూ హరిత ట్రిబ్యునల్‌కూ సుప్రీంకోర్టుకూ వెళ్ళింది. పార్టీల పోట్లాటంతా ఆ భవనం ఎవరి కోసమన్నదాని చుట్టే తిరిగింది. సముద్రానికి ఆనుకున్న కొండను తొలచవచ్చా అన్న అసలు ప్రశ్న పిటిషన్లు వేసినవాళ్ళకే మిగిలింది. ఆ కొండ కిందే ఉన్న బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రత, నిర్వహణ లోపాలతో 2025లో కొంతకాలం ఆ జెండా దించాల్సి వచ్చి, తర్వాత మళ్ళీ ఎగిరింది. పేరున్న నాలుగడుగుల బీచ్‌నే నిలబెట్టుకోవడం ఇంత కష్టమైతే, మైళ్ళ పొడవున లేచే కాలనీల మురుగునూ చెత్తనూ ఎవరు చూస్తారన్నది కొనేముందు అడగాల్సిన ప్రశ్న.

ఆ మురుగు దారి చూస్తే శుభ్రమైన గాలి, ప్రశాంతత అన్న మాట ఎంత డొల్లో తెలుస్తుంది. విశాఖలో తూర్పు కనుమలు దాదాపు సముద్రం దాకా వచ్చి ఆగుతాయి. కొండకూ అలకూ మధ్య మిగిలింది సన్నని పట్టీ. కొండ మీద పడ్డ వాన గెడ్డలనే వాగుల గుండా ఆ పట్టీని దాటి సముద్రంలో కలవాలి. పట్టీ నిండా ప్లాట్లు వేస్తే ముందు ఇరుకయ్యేది గెడ్డే. వానాకాలంలో అది ఇళ్ళలోకి వస్తుంది, మిగతా కాలమంతా మురుగు మోసుకుంటూ బీచ్‌లోకి వస్తుంది. తాగునీరు ఇంకో సంగతి. తీరంలో భూగర్భజలం ఉప్పునీటి మీద తేలే మంచినీటి పొర. ఇంటికో బోరు వేసి తోడితే ఆ పొర సన్నబడి ఉప్పు పైకొస్తుంది, ఒకసారి వస్తే వెనక్కి పంపడానికి ఏళ్ళు పడుతుంది. చెన్నైకి ఉత్తరాన మింజూరు బావుల నుంచి నగరం కోసం, సాగు కోసం అతిగా తోడిన ఫలితంగా సముద్రపు నీరు కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొరబడింది. చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాళ్ళకు నీటి ట్యాంకరు కోసం కాచుకోవడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. మా వైపు బోరు ఎండితే రెండు మంచి వానలకు మళ్ళీ ఆశ ఉంటుంది. ఉప్పు పట్టిన బోరుకు అంత తొందరగా ఆ ఆశ ఉండదు.

గాలి మంచిదే, కాదనను. ఆ గాలిలోనే ఉప్పు ఉంది. కిటికీ ఊచలను, ఏసీ యంత్రాలను, స్లాబు లోపలి ఇనుమును అది తింటుంది. ఆ గాలే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పేరుతో గంటకు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖ మీద పడింది. చెట్లు కూలాయి, విమానాశ్రయం పైకప్పు ఎగిరింది, నగరం రోజుల తరబడి కరెంటు లేక, నీళ్ళు లేక అల్లాడింది. ముందు వరసలో ఉన్నవాళ్ళే ముందు దెబ్బ తిన్నారు. తుపాను అరుదుగా వచ్చే పీడకల అనుకునే వీలు బంగాళాఖాతం పక్కన ఉన్నవాళ్ళకు లేదు. మచిలీపట్నాన్ని 1864లో, దివిసీమను 1977 నవంబరు 19న ముంచిన ఉప్పెనల్లో వేల ప్రాణాలు పోయాయి. ఇప్పుడు హెచ్చరికలు బాగున్నాయి, ప్రాణాలు దక్కుతున్నాయి, నిజమే. మనిషిని ముందురోజే తరలించవచ్చు. ఇంటిని తరలించలేం, ఇంటి మీద తీసుకున్న ఇరవై ఏళ్ళ అప్పును అంతకన్నా తరలించలేం.

ఇన్ని నష్టాలున్నా, ప్రకృతి ఇచ్చిన కాపలా ఒకటి అక్కడే ఉంది. దాన్ని కూడా వెంచరుగానే చూస్తున్నారు. భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ళుగా గాలీ అలా పోగుచేసిన ఇసుక. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబారింది. సముద్రం ఎంత వెనక్కి పోయిందో, ఎంత ముందుకొచ్చిందో ఆ పొరల్లో చదవవచ్చు. ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాడు తేరి నేలల్లోనూ, అవతల శ్రీలంకలోనూ తప్ప పెద్దగా లేవు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. దిబ్బలు వాననీటిని పీల్చుకుని చుట్టుపక్కల ఊళ్ళ బావులకు మెల్లగా వదులుతాయి. ఇంత తెలిసీ 2024లో ఆ పరిసరాల్లో యంత్రాలు పెట్టి నేల చదును చేశారు, జనం గోల చేస్తే పని ఆగింది. ఒక వారసత్వ స్థలం పక్కన బుల్‌డోజరు ఆగడానికి ప్రజల గోల అవసరమైందంటే, గుర్తింపు లేని మామూలు ఇసుక గతేమిటో ఊహించుకోవచ్చు.

"జాలరిపల్లెలకు పనులొస్తాయి" అన్న మాటకు వద్దాం. ఇది ఈ వాదనలో అన్నిటికన్నా తియ్యని అబద్ధం. పని వస్తుంది, నిజమే: గేటు దగ్గర కాపలా, ఇంట్లో గిన్నెలు, తోటలో నీళ్ళు. పడవలో భాగస్వామిగా ఉండి, చేప ధర తానే పాడుకునే మనిషి, చేప కొనుక్కునేవాడి గేటు దగ్గర నెలజీతానికి నిలబడటం ఏ లెక్కన ఎదుగుదల? అతని పిల్లలు చదువుకుని వేరే కొలువుకు పోతే సంతోషమే, అది వాళ్ళ ఇష్టం. ఒడ్డు లేక వృత్తి పోవడం ఇష్టం కాదు. చోటు తగ్గేకొద్దీ పల్లెకూ పల్లెకూ మధ్య తగవు పెరుగుతుంది. 2022 జనవరిలో రింగు వలల మీద విశాఖ మత్స్యకార పల్లెల మధ్య గొడవ పడవలు తగలబెట్టుకునేదాకా పోయింది. ఆ తగవు చేప కోసమే. కానీ చేపా ఒడ్డూ రెండూ తగ్గుతున్న చోట ఓర్పు మాత్రం ఎలా పెరుగుతుంది? మా దగ్గరా ఇదే చూస్తున్నాం. పదెకరాల ఆసామి పరిహారం తీసుకుని ఫ్యాక్టరీ బయట ఆటో నడపడాన్ని ఉపాధి కల్పన కింద రాసుకుంటున్నారు.

చివరి ఆయుధంగా ముంబైని తీస్తారు. "మెరైన్ డ్రైవ్ చూడు, ఎంత ముచ్చటగా ఉంది!" చూద్దాం. అక్కడ ఇంటికీ అలకూ మధ్య ఏముంది? వెడల్పాటి రోడ్డు, ఆ తర్వాత ఎవరైనా కూర్చోగల గట్టు, ఆ గట్టు ముందు కాంక్రీటు దిమ్మెల వరస. మొదటి వరస ప్రజలది. ముంబైలో ముచ్చటగా ఉన్నది అదే. ఇల్లు కొనేవాడు అనుభవించేది ఆ ప్రజాస్థలం చలవే. ఆ నగరాన్ని మోసి కట్టినవాళ్ళలో నిజాం రాజ్యం నుంచి వలసపోయిన తెలుగు కామాటీలున్నారు. కామాటిపుర పేరు వాళ్ళ నుంచే వచ్చింది. సముద్రానికి ఎదురుగా మేడలు లేపిన చేతులకు ఇరుకు సందులు దక్కాయి. ఈసారి విశాఖలో మొదటి వరస కూడా ప్రజలకు మిగలకపోతే, మనం ముంబై నుంచి చెడ్డ సగమే నేర్చుకున్నట్టు. 2023లో రుషికొండ బీచ్‌లో అడుగుపెట్టడానికి 20 రూపాయల రుసుము పెట్టాలన్న ఆలోచన వచ్చి, నిరసనలతో వెనక్కిపోయింది. ఆ ఆలోచన మళ్ళీ వస్తుంది.

"మరి నగరం ఎటు పెరగాలి?" ఇది న్యాయమైన ప్రశ్న, దాటవేయను. 2011 లెక్కల్లోనే 17 లక్షలు దాటిన నగరం పెరగకుండా ఉండదు. పెందుర్తి, సబ్బవరం, ఆనందపురం వైపు పెరగవచ్చు; అక్కడా పొలాలున్నాయి కాబట్టి చూసి చూసి పెరగాలి. ఉన్న కాలనీల్లోనే నాలుగంతస్తులు ఎక్కువ వేసుకోవచ్చు. సముద్రం చూడాలన్న కోరికను కూడా నేను తప్పుపట్టను. మెట్టలో పుట్టినవాడికి ఆ కోరిక ఇంకా ఎక్కువ. బస్సు దిగి ఇసుకలో నడవడానికి అరగంట ప్రయాణం పెద్ద శిక్ష కాదు. కిటికీలోంచి చూసే సముద్రం ఒక కుటుంబానిది, ఒడ్డున నడిచి చూసేది ఊరందరిదీ. ప్రభుత్వం డబ్బు పెట్టాల్సింది రెండో దాని మీద.

కాబట్టి అడగాల్సినవి ఇవి. బీచ్‌రోడ్డుకు సముద్రం వైపు కొత్తగా ఒక్క ఇటుక వేయకూడదు. ప్రభుత్వ అతిథిగృహానికైనా, పర్యాటక రిసార్టుకైనా ఇదే నియమం. రోడ్డును ఆరు వరసలు చేయాలనుకుంటే నేలవైపుకే చేయాలి, ఎందుకంటే ఇసుకలోకి జరిగిన రోడ్డే రేపు గోడై ఉప్పాడ కథను మళ్ళీ మొదలుపెడుతుంది. పడవలు ఎక్కే ఇసుకను, వలలారే నేలను పల్లె పేరున ఉమ్మడిగా రికార్డుకెక్కించాలి. వ్యక్తుల పేర పట్టాలిస్తే మరుసటి ఏడాదికే అవి బ్రోకరు చేతిలో ఉంటాయి. ప్రతి గెడ్డకూ దాని వెడల్పు దానికి విడిచిపెట్టాలి. 2019లో తగ్గిన 150 మీటర్లను రాష్ట్రమే తన నగర ప్రణాళికలో తిరిగి చేర్చుకోవచ్చు. కేంద్రం కనిష్ఠం చెబితే, అంతకన్నా ఎక్కువ వదలొద్దని ఎవరూ అడ్డుపడరు.

జహీరాబాద్‌లో, సంగారెడ్డిలో, కరీంనగర్‌లో కూర్చుని అక్కడ ప్లాటుకు బయానా ఇవ్వబోతున్నవాళ్ళకు ఇంకొంచెం చెప్పాలి. బ్రోకరును మూడు ప్రశ్నలు అడగండి. గరిష్ఠ పోటు రేఖ నుంచి ఈ ప్లాటు ఎన్ని మీటర్లు, ఏ పటం ప్రకారం? ఇక్కడ తాగే నీళ్ళు ఎక్కడివి? నిన్నటిదాకా ఈ ఇసుక మీద ఎవరి వలలు ఆరేవి? మొదటిదానికి అతను ఏదో ఒక కాగితం చూపిస్తాడు. రెండోదానికి ట్యాంకరు పేరు చెబుతాడు. మూడోదానికి జవాబు చెప్పలేని నేలను కొనకండి. మన పొలాలకు పరిహారం కట్టినప్పుడు ఆ ప్రశ్న మన గురించి ఎవరూ అడగలేదని ఇంకా కోపంగా ఉన్నవాళ్ళం. ఆ పరిహారపు డబ్బుతోనే ఇంకొకరి పని నేలను కొంటే ఆ కోపానికి విలువ ఉండదు.